సెట్‌బ్యాకా, డిలేనా?

ఇంగ్లీషులో ఉత్తరం రాసేటప్పుడు రెండు రోజుల జాప్యానికి కూడా సెట్‌బ్యాక్ అని రాసి, విషయాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా చూపించడం మనలో చాలామందికి (నాకు కూడా) అలవాటు. వాక్యాన్ని ముందుగా తెలుగులో అనుకొని చూస్తే ఈ చిక్కు తీరుతుంది: అక్కడ ‘ఎదురుదెబ్బ’ అనే మాట ఇమిడితేనే సెట్‌బ్యాక్ రాయాలి, ‘ఆలస్యం’ చాలినచోట డిలే, ‘చిన్న ఆటంకం’ అనిపించినచోట హిచ్, ఎవరి తప్పూ లేని ‘దురదృష్టం’ అయితే మిస్‌ఫార్చ్యూన్ సరిపోతాయి. సెట్‌బ్యాక్ నామవాచకమైతే ఒకే పదంగా కలిపి, క్రియ అయితే సెట్, బ్యాక్ అని విడదీసి రాయాలి. భూతకాలంలోనూ సెట్ మారదు. అయితే ఇంటి ప్లాను విషయంలో ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే అక్కడ సెట్‌బ్యాక్ అంటే నిబంధనల ప్రకారం కట్టడం చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం.