ఆన్‌లైన్ ఫాంటసీ గేమ్‌ని టేబుల్ మీదకి తేవడం ఎలా?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌ని పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌గా మారుద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు ఎక్సెల్ షీట్ తెరుస్తారు. ఆటలో ఉన్న ప్రతి స్పెల్‌నీ, ప్రతి కత్తినీ, ప్రతి రాక్షసుడి హెల్త్‌నీ అందులోకి ఎక్కించడం మొదలుపెడతారు. నెల తిరిగేసరికి షీట్ వందల వరసలవుతుంది, ఆట మాత్రం ఒక్కసారీ జరగదు. దయచేసి ఆ షీట్ మూసేయండి. కంప్యూటర్ కనురెప్ప పాటులో వేసే లెక్కని మనిషి పెన్సిల్‌తో వేస్తూ కూర్చుంటే టేబుల్ దగ్గర ఎవరూ అరగంట కూడా ఉండరు.

ఇక్కడ వార్‌క్రాఫ్ట్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, అదీ 2004లో విడుదలైన మొదటి రూపాన్ని. మీ ఆట వేరేదైనా పద్ధతి ఇదే.

కావాల్సినవి

నలుగురు ఆటగాళ్లు, ఒక గేమ్ మాస్టర్ (కథ చెప్పి శత్రువుల్ని ఆడించేవాడు), ఒక సెట్ పాచికలు, గళ్ల నోట్‌బుక్, పెన్సిళ్లు. రూల్స్ సొంతంగా రాసుకోవద్దు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల రోల్‌ప్లేయింగ్ గేమ్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం, అంటే ఎస్‌ఆర్‌డీ 5.1, 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతోంది. దాని మీద కట్టుకోండి. బొమ్మలు, రంగుల మ్యాపులు మొదట్లో అస్సలు వద్దు. వాటి మీద పెట్టే టైమ్ కథ మీద పెట్టండి.

ఒక్క ముక్కతో మొదలుపెట్టండి

వార్‌క్రాఫ్ట్ లోకమైన అజెరోత్ మొత్తాన్ని తేవాలని చూడొద్దు. ఒక్క డంజన్, అంటే శత్రువులు దాక్కున్న ఒక చోటు, చాలు. నన్నడిగితే డెడ్‌మైన్స్ కంటే మంచిది లేదు. వెస్ట్‌ఫాల్ ప్రాంతంలో మూన్‌బ్రుక్ అనే పాడుబడ్డ ఊరు, దాని కింద గని, గని చివర గుహలో నీళ్ల మీద ఒక ఓడ. అక్కడ దాక్కున్న ఎర్ర ముసుగుల ముఠా ఒకప్పుడు తాపీమేస్త్రీలు. యుద్ధంలో కూలిన స్టార్మ్‌విండ్ నగరాన్ని మళ్లీ కట్టింది వాళ్లే. కట్టాక ప్రభువులు కూలి ఎగ్గొట్టారు. వాళ్ల నాయకుడు ఎడ్విన్ వాన్‌క్లీఫ్ తిరగబడ్డాడు.

కంప్యూటర్‌లో అయితే ఈ కథ క్వెస్ట్ డబ్బాలో నాలుగు లైన్లు. అందరూ చదవకుండానే ఓకే నొక్కేసి వాన్‌క్లీఫ్ తల తెచ్చేస్తారు. టేబుల్ దగ్గర ఒక ఆటగాడు కచ్చితంగా అడుగుతాడు: "వాళ్ల కూలి వాళ్లకి ఇప్పించేస్తే సరిపోదా?" ఆ ప్రశ్నకి ఆటలో చోటుండాలి. వీడియో గేమ్ ఇవ్వలేనిదీ, టేబుల్ ఇవ్వగలిగేదీ అదే. అందుకే మీరు ఎంచుకునే ముక్కలో శత్రువుకి ఒక న్యాయమైన ఫిర్యాదు ఉండేలా చూసుకోండి.

అంకెలు

ఇది సులువైన పని. 60 లెవెళ్లని 10కి కుదించండి, ఆరింటికి ఒకటి చొప్పున. టాలెంట్ చెట్లు (లెవెల్ పెరిగే కొద్దీ శక్తులు ఎంచుకునే పట్టికలు) పూర్తిగా వదిలేసి, ఒక్కో పాత్రకి వాటిలోంచి రెండు మూడు ముఖ్యమైన శక్తులు మాత్రం ఇవ్వండి. శత్రువుల హెల్త్ మార్చే ప్రయత్నమే చేయొద్దు. ఎస్‌ఆర్‌డీలో 11 హిట్ పాయింట్ల (అంటే హెల్త్) బందిపోటు ఉన్నాడు, 65 హిట్ పాయింట్ల బందిపోటు నాయకుడున్నాడు. మొదటివాడు ముఠా మనిషి, రెండోవాడు వాన్‌క్లీఫ్. పేరు మార్చండి, ఎర్ర ముసుగు కట్టండి, పని అయిపోయింది.

కూల్‌డౌన్‌ల (ఒక శక్తి వాడాక మళ్లీ వాడేందుకు ఆగాల్సిన టైమ్) కోసం సెకన్లు లెక్కపెట్టేవాళ్లని చూస్తుంటే బాధేస్తుంది. ఐదో ఎడిషన్‌లో ఒక రౌండ్, అంటే అందరి వంతూ ఒకసారి తిరగడం, ఆరు సెకన్లు. కాబట్టి పది సెకన్లలోపు తిరిగొచ్చే శక్తి ప్రతి రౌండ్‌లోనూ వాడొచ్చు. ఒకటి రెండు నిమిషాలు పట్టేది పోరాటానికి ఒకసారి. అంతకు మించితే విశ్రాంతికి ఒకసారి. మొదటి వార్‌క్రాఫ్ట్‌లో పాలడిన్ అనే యోధుడు లే ఆన్ హ్యాండ్స్ అనే వైద్యశక్తి వాడితే మళ్లీ గంట ఆగాలి. అది రోజుకి ఒకసారి. ఇంతకంటే సూక్ష్మంగా వెళ్లొద్దు.

అగ్రో: అందరూ తప్పు చేసేది ఇక్కడే

ఈ భాగం రెండుసార్లు చదవండి.

ఆన్‌లైన్ ఆటలో ట్యాంక్ (ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు), హీలర్ (వైద్యం చేసేవాడు), డ్యామేజ్ (శత్రువుని గట్టిగా కొట్టేవాడు) అనే మూడు పాత్రల అమరిక నిలబడేది అగ్రో మీద, అంటే శత్రువు కోపం ఎవరి మీదుందో దాని మీద. ఎవరు ఎంత కోపం తెప్పించారో ప్రతి రాక్షసుడూ ఒక పట్టిక పెట్టుకుంటాడు. వార్‌క్రాఫ్ట్‌లో దగ్గర్నుంచి కొట్టేవాడు ట్యాంక్ కంటే 10 శాతం ఎక్కువ కోపం తెప్పిస్తే, దూరం నుంచి కొట్టేవాడైతే 30 శాతం ఎక్కువ తెప్పిస్తే, రాక్షసుడు వాడి మీదకి తిరుగుతాడు. వైద్యం చేసినా కోపం పెరుగుతుంది. కంప్యూటర్ ఇదంతా చూపించకుండా నడిపిస్తుంది.

టేబుల్ మీద దీన్ని రెండు రకాలుగా చెడగొడతారు. కొందరు ఆ పట్టికనే కాగితం మీద పెడతారు. ఆరుగురు శత్రువులు, నలుగురు ఆటగాళ్లు అంటే 24 అంకెలు, ప్రతి దెబ్బకీ మారుతూ ఉంటాయి. గేమ్ మాస్టర్ గుమాస్తా అయిపోతాడు. ఇంకొందరు అగ్రోని పూర్తిగా తీసేస్తారు. అప్పుడు శత్రువులందరూ ట్యాంక్‌ని దాటుకుని నేరుగా హీలర్ మీద పడతారు. డాలు పట్టుకుని ముందు నిలబడాలని ఆశపడిన ఆటగాడు సాయంత్రమంతా ఏ పనీ లేకుండా కూర్చుంటాడు. ఈ రెండో తప్పు మరీ ఘోరం, ఎందుకంటే అది ఒక మనిషి సరదాని తీసేస్తుంది.

మూడో తప్పు పైకి తెలివిగా కనిపిస్తుంది: "ట్యాంక్ టాంట్ చేశాక, అంటే రెచ్చగొట్టాక, శత్రువు అతన్నే కొట్టాలి" అని రూల్ పెట్టడం. అలా చేస్తే గేమ్ మాస్టర్ చేతిలోని ప్రతి శత్రువూ కీలుబొమ్మ అవుతాడు. తన మేస్త్రీల కోసం ప్రాణం పెట్టే వాన్‌క్లీఫ్, హీలర్ తన కళ్లెదుటే పడిపోయినవాళ్లందరినీ లేపుతుంటే, పట్టించుకోకుండా ఇనుప కవచాన్ని గోకుతూ నిలబడతాడా? చూసేవాళ్లకి నమ్మకం పోతుంది.

సరైన దారి ఇది. శత్రువు ఎవరినైనా కొట్టొచ్చు, కానీ ట్యాంక్‌ని వదిలినందుకు మూల్యం చెల్లించాలి. 2008లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్‌లో ఫైటర్ చేసేది ఇదే. ట్యాంక్ ఎవరి మీద దాడి చేస్తే, దెబ్బ తగిలినా తగలకపోయినా, ఆ శత్రువు సవాల్‌లో ఉన్నట్టు. ట్యాంక్ తర్వాతి వంతు వరకూ వాడు ఇంకెవరి మీద దాడి చేసినా పాచికలో 2 తగ్గుతుంది. పైగా ఆ శత్రువు పక్కనే ఉంటే ట్యాంక్ వాడిని ఒక ఉచిత దెబ్బ కొడతాడు.

ఆ 2 ని పెంచొద్దు. ఐదో ఎడిషన్ అలవాటున్నవాళ్లు దాని బదులు డిసడ్వాంటేజ్ పెడతారు, అంటే రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం. ఇరవై ముఖాల పాచికలో 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాల్సిన చోట అది 50 శాతం అవకాశాన్ని 25కి దించుతుంది, అంటే దాదాపు 5 తగ్గించినట్టు. అంత శిక్ష ఉంటే తెలివున్న ఏ శత్రువూ ట్యాంక్‌ని వదలడు. మళ్లీ కీలుబొమ్మల దగ్గరికే వస్తాం. 2 తగ్గడం అంటే బాధిస్తుంది, కానీ ఒక్కోసారి భరించదగ్గదే. నిర్ణయం పుట్టేది అక్కడ.

టాంట్ అనే శక్తిని మాత్రం ఉంచండి, పోరాటానికి ఒకసారి, ఒక్క వంతుకి. అప్పుడు శత్రువు తప్పనిసరిగా ట్యాంక్‌ని కొట్టాలి, పాచిక అవసరం లేదు. హీలర్ పడిపోబోతున్న క్షణంలో ట్యాంక్ అరిచి పిలిచి దెబ్బ తన మీద వేసుకుంటే టేబుల్ అంతా లేచి నిలబడుతుంది.

ఇంకొక్క జాగ్రత్త. వాన్‌క్లీఫ్ ట్యాంక్‌ని వదిలినప్పుడు ఆ సంగతి గట్టిగా చెప్పండి: "నీ కత్తి భుజం చీల్చినా లెక్కచేయకుండా హీలర్ వైపు దూకాడు, దాడిలో 2 తగ్గింది." చెప్పకుండా మనసులో తగ్గించేసుకుంటే తన వల్ల ఏం జరిగిందో ట్యాంక్‌కి ఎప్పటికీ తెలియదు.

హీలర్ సంగతి కూడా ఇక్కడే చూడాలి. ప్రతి వంతూ వైద్యంతోనే గడిచిపోతే హీలర్‌కి విసుగొస్తుంది. ఎస్‌ఆర్‌డీలోని హీలింగ్ వర్డ్ అనే వైద్యమంత్రం బోనస్ యాక్షన్‌తో, అంటే వంతులో అదనంగా దొరికే అవకాశంతో, అయిపోతుంది, చేతిలో ఇంకో చిన్న పనికి చోటు మిగులుతుంది. హీలర్‌కి అలాంటి వైద్యమే ఇవ్వండి.

బాస్‌లు

డెడ్‌మైన్స్ ఓడ దగ్గర మిస్టర్ స్మైట్ అనే బాస్, అంటే పెద్ద శత్రువు, ఉంటాడు. హెల్త్ తగ్గినప్పుడల్లా నేలని తొక్కి అందరినీ స్తంభింపజేసి, తన పెట్టె దగ్గరికి వెళ్లి ఆయుధం మార్చుకుంటాడు. స్క్రీన్ మీద ఆ పెట్టెని మీరేమీ చేయలేరు. టేబుల్ మీద రోగ్ (దొంగ పాత్ర ఆడేవాడు) "పెట్టెకి ముందే తాళం వేసేస్తా" అంటాడు. వేయనివ్వండి. దాన్ని అడ్డుకోవడానికి కొత్త రూల్ కనిపెట్టే గేమ్ మాస్టర్ ఆట నడపకపోవడమే మంచిది. గనిలో ఫిరంగికి మందుగుండు కూరి పేల్చి తెరిచే తలుపు కూడా అంతే. గోడ తవ్వుతామన్నా, తాపీమేస్త్రీలతో బేరమాడతామన్నా సరే అనండి.

చావు, లూట్

ఆన్‌లైన్ ఆటలోలా దెయ్యమై పరిగెత్తి శవంలోకి తిరిగి దూరడం వద్దు. చనిపోతే చనిపోయినట్టే. పడిపోయిన పాత్ర బతుకుతుందో లేదో పాచికతో తేల్చే ఎస్‌ఆర్‌డీ డెత్ సేవ్‌లు సరిపోతాయి. లూట్‌ని, అంటే గెలిచాక దొరికే వస్తువుల్ని, చార్టులతో పంచొద్దు. ఒక డంజన్‌కి పేరున్న వస్తువు ఒక్కటి చాలు. వాన్‌క్లీఫ్ దగ్గర దొరికే పంపని ఉత్తరం పది మాయకత్తుల కంటే ఎక్కువ కథ నడిపిస్తుంది.

మొదటిసారి ఆడేటప్పుడు గని ముఖద్వారం నుంచి రెండు పోరాటాల వరకే పెట్టుకోండి. ఆట ముగిశాక ట్యాంక్ ఆడిన మనిషిని ఒక్కటే అడగండి: శత్రువు నిన్ను వదిలి వెళ్లాలా వద్దా అని గేమ్ మాస్టర్ ఎప్పుడైనా ఆలోచనలో పడ్డాడా? లేదంటే అగ్రో భాగం మళ్లీ సరిచేయండి, మిగతావి ముట్టుకోవద్దు. ఇంట్లో స్నేహితులతో ఆడుకున్నంత కాలం వార్‌క్రాఫ్ట్ పేర్లు వాడుకోండి. అచ్చేసి అమ్మాలనుకుంటే మాత్రం ఆ పేర్లూ పాత్రలూ ఆ ఆట చేసిన బ్లిజార్డ్ కంపెనీవి కాబట్టి అవన్నీ తీసేసి సొంత లోకం రాసుకోవాలి, ఎస్‌ఆర్‌డీ వాడినట్టు పుస్తకంలో పేర్కొనాలి.