పాత తెరచాప పడవ స్టీరింగ్ పెడస్టల్‌పై ఎలక్ట్రానిక్ పరికరాల అమరిక

పాత తెరచాప పడవల్లో చుక్కానిని తిప్పే చక్రాన్ని మోసే స్తంభమైన స్టీరింగ్ పెడస్టల్ మీద దిక్సూచి, బ్రేకు పిడి, ఇంజను లివర్లు తప్ప సాధారణంగా మరేమీ కనిపించవు. సముద్ర పటాన్నీ పడవ స్థానాన్నీ తెరపై చూపే చార్ట్‌ప్లాటర్, లోతునూ గాలినీ చూపే మీటర్లు, ఆటోపైలట్ మీటల పెట్టె కూడా అక్కడే ఉండాలని నేటి నావికుడు కోరుకోవడం సహజమే. రాత్రివేళ రద్దీ జలమార్గంలో చక్రం వదలకుండా వాటిని చూడగలగడం నిజమైన రక్షణ. కానీ ఆ స్తంభం ముందుగా చుక్కానిని తిప్పే యంత్రం. ఈ పరికరాల తెరలను (స్క్రీన్లను) మోయడం దాని రెండో పని. కొత్త సామగ్రి వల్ల మొదటి పనికి ఏ ఆటంకమూ రాకుండా చూడడమే ఈ మార్పు మొత్తంలో అసలైన మెళకువ.

అందువల్ల కొత్త పరికరం కొనకముందే దిక్సూచిని విప్పి పెడస్టల్ లోపలికి చూడాలి. సాధారణ అమరికలో చక్రపు ఇరుసు మీద ఉన్న పళ్ల చక్రం ఒక గొలుసును లాగుతుంది. ఆ గొలుసు రెండు కొసలకూ తగిలించిన స్టీలు తాళ్లు స్తంభం గుండా దిగి, నావికులు కూర్చొనే గుంట అయిన కాక్‌పిట్ కింద ఉన్న కప్పీల మీదుగా, చుక్కాని ఇరుసుకు బిగించిన క్వాడ్రంట్ అనే వలయఖండాన్ని చేరతాయి. తాడు పొడవునా ఒక కాగితపు రుమాలును మెల్లగా నడిపిస్తే, తెగిన పోగులున్న చోట అది చిక్కుకొని చిరుగుతుంది. ఈ పరీక్షను ఒట్టి వేళ్లతో చేయకూడదు. ఒక్క పోగు తెగి కనిపించినా రెండు తాళ్లనూ మార్చడమే మేలు. గొలుసుకు 30 గ్రేడు ఇంజను నూనె సరిపోతుంది, అయితే అది బ్రేకు ప్యాడ్ల మీద పడకూడదు. చక్రాన్ని కదలకుండా బిగించి, కింద క్వాడ్రంట్‌ను చేత్తో తిప్పిచూసినప్పుడు అది కదిలితే తాళ్లు వదులైనట్టే. స్తంభం ఎలాగూ విప్పి ఉంటుంది గనుక ఈ పనులన్నీ ఇప్పుడే ముగించాలి. తెరలు, కేబుళ్లు బిగించాక మళ్లీ లోపలికి చేయి పోనివ్వడం చాలా కష్టం.

తరువాతి నిర్ణయం గార్డు రైలుకు సంబంధించినది. పెడస్టల్ ముందు తలకిందులైన యూ ఆకారంలో నిలిచే ఈ స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం పాత పడవల్లో ఎక్కువగా 1 అంగుళం, అంటే సుమారు 25 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. దాని రెండు కాళ్ల మధ్య దూరం తరచుగా 9.5 అంగుళాలు. చిన్న తెర ఒక్కటే పెట్టేవారికి ఇది చాలు. పెద్ద తెర, దాని పక్కన మీటర్లు కావాలంటే మాత్రం 1.25 అంగుళాల గొట్టంతో, కాళ్ల మధ్య ఎక్కువ ఎడంతో చేసిన గార్డును, దానికి సరిపడే పై పలకతో, కాళ్ల దిమ్మెలతో సహా అమర్చుకోవడం మంచిది. లావు గొట్టం వల్ల వచ్చే అసలు లాభం బలం కన్నా లోపలి జాగా. నెట్‌వర్కు కేబుల్ కొసన ఉండే కనెక్టర్ సుమారు 15 మిల్లీమీటర్ల లావుండటంతో సన్న గొట్టపు వంపుల్లో అది ఇరుక్కుపోతుంది.

కొలతలు కాగితం మీద సరిపోయినంత మాత్రాన నమ్మకూడదు. పరికరం పెట్టె కొలతకు అట్టను కత్తిరించి గార్డుకు కట్టి, నిలబడి, కూర్చుని, పక్క బల్ల మీదికి జరిగి చూడాలి. చక్రాన్ని అటూ ఇటూ పూర్తిగా తిప్పినప్పుడు వేళ్లు తగలకూడదు. ఇంజను లివర్లు చివరిదాకా కదలాలి. ముందున్న సముద్రం, దిక్సూచి ముఖం మరుగు కాకూడదు. చుక్కాని తాడు తెగినప్పుడు వాడే ఎమర్జెన్సీ టిల్లర్‌ను, అంటే చుక్కానిని నేరుగా తిప్పే పొడవాటి పిడిని కూడా దాని గుంటలో దించి, అది తిరిగే వలయంలో కొత్త గార్డుగానీ పెట్టెగానీ అడ్డురావడం లేదని తేల్చుకోవాలి. ఎక్కువ మంది మరచిపోయేది ఈ ఒక్క పరీక్షనే.

దిక్సూచి విషయంలో మరింత ఓపిక అవసరం. ప్రతి పరికరం పుస్తకంలోనూ దిక్సూచికి ఎంత దూరంలో ఉంచాలో రాసి ఉంటుంది. పెడస్టల్ మీద ఆ దూరం దొరకడం అరుదు. కాబట్టి పరికరాన్ని బిగించకముందే, కరెంటు ఇచ్చి, అనుకున్న స్థానానికి చేత్తో తెచ్చి, దిక్సూచి కార్డు ఎన్ని డిగ్రీలు కదులుతుందో చూడాలి. స్పీకర్ ఉన్న ప్రతి వస్తువులోనూ అయస్కాంతం ఉంటుంది. వీహెచ్‌ఎఫ్ రేడియో చేతి మైకును గార్డుకు తగిలించుకొనేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. దిక్సూచి దీపానికి వెళ్లే రెండు వైర్లను ఒకదానితో ఒకటి మెలిపెడితే వాటి అయస్కాంత ప్రభావం చాలావరకు రద్దవుతుంది.

పాత గార్డు కాళ్లను విప్పగానే కాక్‌పిట్ నేల పరిస్థితి బయటపడుతుంది. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉన్న నేలలో పాత బోల్టు రంధ్రం గుండా ఏళ్ల తరబడి నీరు దిగి చెక్క మెత్తబడి ఉండవచ్చు. మెత్తబడిన భాగాన్ని తీసివేసి, మంచి చెక్కను కూడా రంధ్రం చుట్టూ ఒక సెంటీమీటరు మేర తొలిచి, చిక్కని ఎపాక్సీతో నింపి, అది పూర్తిగా గట్టిపడ్డాక దాని మధ్యలోంచి బోల్టు రంధ్రం వేయాలి. కింద బోల్టు బరువును పంచే పెద్ద పలక, అంటే బ్యాకింగ్ ప్లేటు తప్పనిసరి. పడవ ఒరిగినప్పుడు కాక్‌పిట్‌లోని వారందరూ పట్టుకొనేది ఈ గార్డునే. స్టెయిన్‌లెస్ బోల్టులు పెడస్టల్ అల్యూమినియాన్ని తాకే ప్రతిచోటా తుప్పును అడ్డుకొనే డ్యూరాలాక్ గానీ టెఫ్‌జెల్ గానీ పూయకపోతే, ఉప్పునీటిలో అల్యూమినియం తెల్లని పొడిగా రాలిపోతుంది.

ఇక కేబుళ్లు. వాటిని స్తంభం మధ్యలోంచి దించడం దగ్గరి దారిలా కనిపిస్తుంది, కాని అది ప్రమాదకరమైన దారి. అలా దించిన ఒక పడవలో గొలుసు రాపిడికి కేబుల్ తొడుగు అరిగి రాగి బయటపడటం నేను స్వయంగా చూశాను. అది గొలుసుకూ పళ్ల చక్రానికీ మధ్య చిక్కి ఉంటే చుక్కాని బిగుసుకుపోయేది. కేబుళ్లు గార్డు గొట్టం లోపలినుంచే వెళ్లాలి. అందుకు గొట్టానికి వేసే రంధ్రం పరికరాల పెట్టె లోపల మరుగున పడేలా ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలును వేగంగా తొలిస్తే అది వేడెక్కి ఇంకా గట్టిపడుతుంది. పంచ్‌తో గుర్తు కొట్టి, కోబాల్ట్ బిట్‌తో, కటింగ్ ఆయిల్ వేస్తూ, తక్కువ వేగంతో, గట్టి ఒత్తిడితో తొలవాలి. రంధ్రపు అంచును గుండ్రటి ఆకురాయితో నునుపు చేసి, రబ్బరు గ్రోమెట్ (అంచును కప్పే వలయం) అమర్చిన తరువాతే కేబుల్‌ను తాకనివ్వాలి. ముందుగా ఒక సన్నని తాడును గొట్టం గుండా పంపి, దానితో కేబుళ్లను లాగుతూ, వాటితోపాటే మరో తాడును కూడా లోపల ఉంచితే భవిష్యత్తులో ఇంకో కేబుల్ వేయడం సులువవుతుంది.

వైరు మందాన్ని లెక్కించి ఎంచుకోవాలి. 12 వోల్టుల మీద 24 వాట్లు తీసుకొనే తెరకు 2 ఆంపియర్లు కావాలి. కరెంటు ప్యానెల్ నుంచి తెర వరకు 8 మీటర్లయితే రానుపోను 16 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరులో అంత దూరానికి సుమారు 0.56 వోల్టులు, అంటే 4.7 శాతం నష్టపోతుంది, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో నష్టం 2 శాతం లోపే. నావిగేషన్ పరికరాలకు 3 శాతం మించకూడదన్నది ఆమోదిత ప్రమాణం. తగరపు పూత ఉన్న మెరైన్ వైరు వాడి, ఒక్కో పరికరానికి దాని పుస్తకంలో చెప్పిన ఫ్యూజును కరెంటు బయలుదేరే చోట పెట్టాలి.

పడవ పరికరాలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకొనే ఎన్‌ఎంఈఏ 2000 నెట్‌వర్కులో వెన్నెముక కేబుల్‌ను, అంటే ప్రధాన కేబుల్‌ను కాక్‌పిట్ కింద పొడిగా ఉండే చోట నడిపి, అక్కడి నుంచి ఒక్కో పరికరానికి 6 మీటర్లకు మించని కొమ్మ కేబుల్‌ను పైకి తీసుకోవాలి. వెన్నెముక రెండు కొసలకూ 120 ఓమ్‌ల టర్మినేటర్లు, అంటే కొసను ముగించే నిరోధకాలు ఉండాలి. కరెంటు ఆపి రెండు డేటా వైర్ల మధ్య మల్టీమీటరు పెడితే సుమారు 60 ఓమ్‌లు చూపాలి. 120 చూపితే ఒక టర్మినేటర్ లేదనో ఎక్కడో తీగ తెగిందనో అర్థం.

నేల కింద కేబుల్ బయటకు వచ్చే చోట దాన్ని ఒకసారి కిందికి వంచి పైకి తిప్పితే, గొట్టంలో దిగిన నీటి చుక్క కనెక్టర్ దాకా పాకకుండా ఆ వంపులోనే రాలిపోతుంది. అక్కడి నుంచి కప్పీలకూ క్వాడ్రంట్‌కూ దూరంగా, ప్రతి జానెడు దూరానికీ బిగిస్తూ పోవాలి. బిగించాక ఒకరు చక్రాన్ని రెండు వైపులా చివరిదాకా తిప్పుతుండగా మరొకరు కింద దీపం పట్టుకొని చూడాలి.

అంతా పూర్తయ్యాక ప్రశాంతమైన నీటిలో ఎనిమిది దిక్కులకు పడవను నిలిపి, పరికరాలన్నీ ఆన్‌లో ఉండగా ఒకసారి, అన్నీ ఆపి మరోసారి దిక్సూచి దోషాన్ని, అంటే పడవలోని వస్తువుల వల్ల అది ఎన్ని డిగ్రీలు తప్పు చూపుతుందో నమోదు చేసుకోవాలి. రెండు పట్టికలనూ తడవని తొడుగులో పెట్టి చార్టు బల్ల దగ్గర ఉంచాలి. కరెంటు పోయిన రాత్రి చూడవలసింది రెండో పట్టికనే.