సాఫ్ట్‌వేర్ నుంచి డిజైన్‌లోకి వెళ్తున్నారా, రిజైన్ మెయిల్ కొట్టేముందు ఇవి చూసుకోండి

కోడింగ్ ఇక చాలు, యూఐ యూఎక్స్‌లోకి, అంటే యాప్‌లు, వెబ్‌సైట్ల స్క్రీన్లు వాడేవాళ్లకి సులువుగా ఉండేలా డిజైన్ చేసే పనిలోకి వెళ్లిపోతా అని చాలామంది అంటున్నారు, వెళ్లండి, మంచి పనే, కానీ చేతిలో ఉద్యోగం ఉండగానే కొన్ని పనులు కానిచ్చేయండి.

ముందు హెల్త్ ఇన్సూరెన్స్, దీన్ని అందరూ మర్చిపోతారు. కంపెనీ గ్రూప్ పాలసీ మామూలుగా లాస్ట్ వర్కింగ్ డేతో ఆగిపోతుంది, అమ్మానాన్న కూడా అందులోనే ఉంటే వాళ్లకీ అంతే. సొంతంగా తీసుకున్నా యాక్సిడెంట్లు తప్పిస్తే మొదటి 30 రోజులు కవర్ ఉండదు, షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకైతే 3 ఏళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అందుకే జీతం వస్తుండగానే తీసేసుకోండి. పీఎఫ్ మాత్రం కదపొద్దు, 5 ఏళ్ల సర్వీస్ నిండకుండా తీస్తే ట్యాక్స్ పడుతుంది. హోమ్ లోన్ ఆలోచన ఉంటే అదీ ఇప్పుడే, పే స్లిప్ లేకపోతే బ్యాంకువాళ్లు సవాలక్ష అడుగుతారు.

ఇక పోర్ట్‌ఫోలియో, అంటే ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించే మీ డిజైన్ పనుల కలెక్షన్. ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్ట్ స్క్రీన్లు అందులో పెట్టకండి, కంపెనీ విషయాలు బయటపెట్టనని మీరు సంతకం చేసిన ఒప్పందం (ఎన్‌డీఏ) ఉంటుంది, ఇబ్బందుల్లో పడతారు. అలాగని కోర్సులో అందరూ చేసే ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్ పెట్టినా ఎవరూ ఆగి చూడరండీ. మీకు బాగా తెలిసిన చోటు నుంచి ఒక్క సమస్య తీసుకోండి, ఆర్టీసీ బస్టాండ్‌లో టైమ్‌టేబుల్ బోర్డు చదవలేక పక్కవాళ్లని అడిగే పెద్దాయన చాలు, ఆయనతో కూర్చుని మాట్లాడి, గీసి, మళ్లీ ఆయనకే చూపించి ఎక్కడ తడబడ్డాడో రాసుకుని మార్చండి, నా దృష్టిలో పది అందమైన స్క్రీన్లకంటే ఇదే గట్టి పని. తెలుగులో చేస్తే ఇంకా మంచిది, ఇంగ్లిష్‌కి పెట్టిన లైన్ హైట్‌లో (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) మన వత్తులు తెగిపోతాయి, స్త్రీ, లక్ష్మి లాంటి మాటలు పెట్టి చూడండి వెంటనే తెలిసిపోతుంది. ఫాంట్ లైసెన్స్ కూడా చూసుకోండి, మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగానే దొరుకుతాయి, ఎక్కడో దొరికిన పైరేటెడ్ ఫాంట్ వాడితే రేపు క్లయింట్‌కి తలనొప్పి.

డిజైన్ కోర్సుకి లక్షల ఫీజు కట్టేముందు సీడ్ (CEED) పరీక్ష గురించి చూడండి, ఐఐటీల్లాంటి చోట్ల డిజైన్ పీజీకి రాసే ఎంట్రన్స్ ఇది, బీటెక్ వాళ్లూ రాయొచ్చు, ఐఐటీ హైదరాబాద్‌లో ఎండెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్) కూడా ఉంది. పరీక్ష జనవరిలో, అప్లికేషన్లు దాదాపు అక్టోబర్ నుంచే, తప్పితే ఏడాది పోతుంది.

ఉన్న కంపెనీలోనే డిజైన్ టీమ్‌కి మారే వీలుందేమో అడగండి, కోడ్ తెలిసిన డిజైనర్ అంటే డెవలపర్లకి చాలా హాయి. బయట ఫ్రీలాన్స్ చేయాలంటే ముందు ఆఫర్ లెటర్‌లో బయటి పనుల గురించి ఏం రాశారో చదవండి, అడ్వాన్స్ లేకుండా మాత్రం ఏ పనీ మొదలుపెట్టకండి, తెలిసినవాళ్లదైనా సరే. ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేలోపు పే స్లిప్పులన్నీ సొంత మెయిల్‌కి దించుకోండి, తర్వాత పోర్టల్ లాగిన్ పోతుంది.