చూడి గుర్రానికి అయోడిన్ మొదలుపెట్టే ముందు లెక్క చూసుకోండి

గుర్రం చూడి కట్టిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని సప్లిమెంట్ డబ్బా కొనడం. అయోడిన్ విషయంలో మాత్రం దయచేసి కాస్త ఆగండి. ఇది తక్కువైనా గొంతు దగ్గర థైరాయిడ్ వాస్తుంది, ఎక్కువైనా అదే వాస్తుంది. వాపు చూసి ఏది కారణమో చెప్పలేం. లోపమే అనుకుని ఇంకాస్త వేశామంటే, అసలు సమస్య ఎక్కువ కావడమే అయితే, పిల్లను మన చేతులతోనే ప్రమాదంలోకి నెట్టినట్టు.

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2007లో ఇచ్చిన లెక్క ప్రకారం 500 కిలోల గుర్రానికి రోజుకు 3.5 మిల్లీగ్రాములు చాలు, చూడి చివరి నెలల్లో 4 దాకా. అంతే! ఇంత చిన్న అవసరం కాబట్టే పొరపాటున దాటిపోవడం సులువు.

అన్నిటికన్నా నాకు భయం సముద్రపు నాచు పొడి, అదే కెల్ప్. సహజమైనది కదా, ఏమవుతుందిలే అని గుప్పెళ్లతో వేస్తారు. నాచు రకాన్ని బట్టి, కోసిన చోటును బట్టి అందులో అయోడిన్ ఎన్నో రెట్లు మారిపోతుంది. డబ్బా మీద 600 పీపీఎం అని ఉందనుకోండి, అంటే కిలోకి 600 మిల్లీగ్రాములు. 60 గ్రాముల స్కూప్ ఒక్కటి వేస్తే 36 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లినట్టే, అవసరానికి దాదాపు పది రెట్లు. కెల్ప్ ద్వారా రోజుకు 48 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ తిన్న చూడి గుర్రాలకు గొంతు వాపుతో పిల్లలు పుట్టినట్టు 1968 నుంచే పశువైద్య పత్రికల్లో ఉంది. అయోడిన్ ఎంతో రాయని నాచు పొడిని చూడి గుర్రం దగ్గరికే రానివ్వొద్దు.

ఇందులో మోసం ఏంటంటే, తల్లి బాగానే ఉంటుంది. మేత తింటుంది, నిగనిగలాడుతుంది. అయోడిన్ మాయ దాటి పిల్లకు చేరుతుంది, ఈనాక పాలల్లోనూ వెళ్తుంది, దెబ్బ తగిలేది పిల్లకే. పుట్టిన పిల్ల లేచి నిలబడలేకపోవడం, పాలు చీకలేకపోవడం, కాళ్లు వంకరగా ఉండటం, దవడ వెనక గొంతుకు రెండు పక్కలా గడ్డల్లా చేతికి తగలడం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకండి, వెంటనే డాక్టర్‌ని పిలవండి. తల్లికి ఏ డబ్బాలు వేశారో అన్నీ తెచ్చి ముందు పెట్టండి.

అందుకే మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద రోజు మొత్తం రాయండి: దాణా, మినరల్ మిక్స్, నాకే ఉప్పు గడ్డ, పైన వేసే పొడులు. చాలా రెడీమేడ్ దాణాల్లో అయోడిన్ ముందే కలిపి ఉంటుంది, దాని మీద ఇంకో రెండు డబ్బాలు పడితే టెన్షన్ అక్కడే. లేబుల్ మీద మైక్రోగ్రాములా మిల్లీగ్రాములా అన్నది రెండుసార్లు చూడండి, తేడా వెయ్యి రెట్లు.

అలాగని పూర్తిగా మానేయమని కాదు. దాణా లేకుండా ఒట్టి గడ్డి మీదే ఉండే గుర్రానికి, ఆ నేలలో అయోడిన్ తక్కువైతే లోపం నిజంగానే వస్తుంది. దానికి అయోడిన్ ఉప్పు మంచి దారి. 30 పీపీఎం ఉప్పు 30 గ్రాములు వేస్తే వచ్చేది 0.9 మిల్లీగ్రాములు, అంటే చేయి కాస్త అటూఇటూ అయినా ప్రమాదం లేదు. సెలీనియం అనే ఖనిజం సంగతి కూడా డాక్టర్‌ని చూడమనండి, థైరాయిడ్ హార్మోన్ పని చేయాలంటే అదీ కావాలి, కానీ దాన్ని కూడా డాక్టర్ చెప్పకుండా పెంచకండి.

గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి. పెద్ద గాయం మీద రోజూ రాస్తుంటే అదీ కొంత ఒంట్లోకి ఇంకుతుంది. థైరాయిడ్ రక్తపరీక్ష చేయిస్తుంటే నొప్పికి ఫినైల్‌బ్యూటజోన్ ఇస్తున్నారేమో ముందే చెప్పాలి, అది ఫలితాన్ని తక్కువగా చూపిస్తుంది.