వాగు ప్రవాహం మారితే చేపలకు ఏమవుతోందో గమనించడం ఎలా?

వాగు ఎండినప్పుడే చేపలకు కష్టమని చాలామంది అనుకుంటారు. నీరు ఎప్పుడు పెరిగింది, ఎంత త్వరగా తగ్గింది అన్నవి కూడా వాటికి ప్రాణసంకటమే.

1. వాగు వంపు లేకుండా పారే పది మీటర్ల మేర ఎంచుకోండి. గట్టు పక్కన కొలకర్ర పాతి, రోజూ ఒకే వేళకు నీటిమట్టం రాయండి.

2. ప్రవాహం కొలవండి. తేలే చెక్కముక్క 10 మీటర్లు సాగడానికి 20 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.5 మీటర్లు. అడుగున నీరు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఆ వేగాన్ని 0.85తో గుణించాలి. వచ్చిన దాన్ని వెడల్పు, లోతులతో గుణిస్తే ప్రవాహం తెలుస్తుంది: వెడల్పు 3 మీటర్లు, సగటు లోతు 0.4 మీటర్లు అయితే సెకనుకు సుమారు 510 లీటర్లు పారుతున్నట్టు. వరదలో మాత్రం వాగులోకి దిగవద్దు.

3. మట్టం మారే తీరు చూడండి. అసలు పని ఇదే. చాలా జాతులు కొత్తనీరు రాగానే ఎదురెక్కి గుడ్లు పెడతాయి. ఆ నీరు రాకపోతే ఆ ఏటి సంతతికి గండి పడినట్టే. గుడ్లు పెట్టాక వరద ముంచెత్తితే అవి కొట్టుకుపోతాయి, లేదా ఒండ్రు కింద ఊపిరాడక చస్తాయి. ఎగువన ఆనకట్ట తూములు హఠాత్తుగా మూసినప్పుడు కలిగే నష్టం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. గట్టు వెంట పలుచని నీటిలో తిరిగే పిల్లచేపలు రాళ్ల నడుమ చిక్కి ఎండిపోతాయి. అలాంటి వాగుల్లో రోజుకొక కొలత చాలదు, గంటగంటకూ చూడాలి.

4. వేసవిలో నీటి ఉష్ణోగ్రత కూడా రాయండి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మాత్రమే. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మడుగులో ఆక్సిజన్ తగ్గిందని అర్థం.

5. పిల్లచేపలను లెక్కపెట్టండి. పెద్ద చేపలు కనిపిస్తున్నాయని సంతోషపడితే మోసపోతాం. అవి పాత సంవత్సరాల్లో పుట్టినవి. గట్టుపై కదలకుండా నిలబడి, ఒకే చోట, ఒకే వేళలో లెక్కించండి. గుడ్లు పెట్టే కాలంలో వల వేయకండి.

6. నీటి కొలతలనూ, పిల్లచేపల లెక్కనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ ఏటి ప్రవాహం చేసిన నష్టం పెద్ద చేపల సంఖ్యలో తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. కాలుష్యం, అతిగా వేట కూడా చేపలను తగ్గిస్తాయి కనుక, వీలైతే ఆనకట్టకు ఎగువన మరోచోట ఇవే కొలతలు తీసి పోల్చండి.