బడి ఉన్న రోజుల్లో పిల్లలతో టూర్: సెలవు ఎలా అడగాలి, చదువు ఎలా సర్దుకోవాలి?

పిల్లలకు ఆగ్రా, ఢిల్లీ చూపించాలనుకుంటే ఎప్పుడు వెళ్లాలి? దసరా సెలవులకు రైళ్లలో బెర్తు దొరకదు. నవంబరులో ఢిల్లీ గాలి పీల్చేలా ఉండదు. సంక్రాంతికి పొగమంచు, ఏ రైలు ఎన్ని గంటలు లేటో చెప్పలేం. మే నెలలో వెళ్తే పిల్లలు తాజ్ మహల్ వంక కంటే నీళ్ల సీసా వంకే ఎక్కువ చూస్తారు. ఇక మిగిలింది ఫిబ్రవరి. అప్పుడేమో బడి ఉంటుంది.

అందుకే చాలా ఇళ్లలో ఒకటే చర్చ. రెండు మూడు రోజులు బడి మాన్పించి తీసుకెళ్తే తప్పా? నా లెక్కలో తప్పేం కాదు. కాకపోతే దానికో పద్ధతి ఉంది. టికెట్లు కొనేసి, ప్రయాణానికి ముందు రోజు రాత్రి క్లాస్ టీచరుకు వాట్సాప్‌లో ఒక ముక్క పంపడం ఆ పద్ధతి కాదు.

ముందు, ఏ తరగతి?

ఐదో తరగతి లోపు పిల్లలైతే పెద్దగా ఆలోచించక్కర్లేదు. మూడు రోజుల్లో పోయిన పాఠం మూడు సాయంత్రాల్లో వచ్చేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వరకు కూడా పర్వాలేదు, లెక్కలు, సైన్సు ఒక్కటి చూసుకుంటే చాలు. తొమ్మిదిలో కొంచెం వెనకాముందు ఆడాలి. చాలా బళ్లలో ఆ ఏడాది చివర్లోనే పదో తరగతి పాఠాలు మొదలుపెట్టేస్తారు. పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో మాత్రం బడి రోజుల్లో టూర్ మాటే ఎత్తకండి. పరీక్షలయ్యాక ఎటూ ఖాళీయే.

అక్క పదో తరగతి, తమ్ముడు నాలుగో తరగతి అయితే? అక్కను అమ్మమ్మ దగ్గర వదిలి మిగతావాళ్లు టూర్‌కు వెళ్లడం కంటే దారుణం ఇంకోటి లేదు. ఆ మాట జీవితాంతం వింటారు. ఒక ఏడాది ఆగండి.

హాజరు ఎంత మిగిలింది?

విద్యా హక్కు చట్టం ప్రకారం ఏడాదికి ఒకటి నుంచి ఐదు తరగతులకు కనీసం 200 పని దినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 ఉండాలి. చాలాచోట్ల అడిగే కనీస హాజరు 75 శాతం. 220 రోజుల్లో అది 165. అంటే 55 రోజులు మానేసినా గీత దాటినట్టు కాదు. వినడానికి బోలెడు ఉన్నట్టుంటుంది. కానీ వానాకాలం జ్వరాలు, మేనత్త కూతురి పెళ్లి, ఊళ్లో జాతర, బంద్ రోజు ఎందుకులే అని మాన్పించినవి... అన్నీ కలిపితే ఫిబ్రవరి వచ్చేసరికి ఆ సంఖ్య ఎంతకు దిగిందో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ప్రోగ్రెస్ కార్డులోనో, స్కూల్ యాప్‌లోనో హాజరు రోజులు రాసి ఉంటాయి. అది చూశాకే తేదీల సంగతి.

ఈ 75 శాతం ఎక్కడెక్కడ పట్టి చూస్తారో తెలుసుకుని ఉండటం మంచిది. సీబీఎస్‌ఈలో పది, పన్నెండు తరగతుల బోర్డు పరీక్షలకు అంత హాజరు ఉండాల్సిందే. తగ్గితే జబ్బు చేసిందనో, జాతీయ స్థాయి ఆటల పోటీలకు వెళ్లారనో కాగితాలు చూపించి మినహాయింపు అడగాలి. టూర్‌కు మినహాయింపు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులకు కూడా 75 శాతం హాజరు నిబంధన ఉంది. ఏడాదంతా కలిపి టూర్ల కోసం మాన్పించేది ఐదు రోజులు దాటకుండా చూసుకుంటే సాధారణంగా వీటిలో దేనికీ ఇబ్బంది రాదు.

తేదీలు కుదుర్చుకోవడం

అసలు పని ఇక్కడే. ఒక చేత్తో స్కూల్ క్యాలెండర్, ఇంకో చేత్తో గోడ క్యాలెండర్ పట్టుకుని కూర్చోండి. స్టేట్ సిలబస్ అయితే ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు (ఏడాదిలో జరిగే చిన్న, పెద్ద పరీక్షలు), సీబీఎస్‌ఈ అయితే పీరియాడిక్ టెస్టులు, హాఫ్ ఇయర్లీ ఎప్పుడున్నాయో ముందు కొట్టేయండి. ఒక్కో పరీక్షకు ముందున్న వారం కూడా కొట్టేయండి, రివిజన్ అంతా అప్పుడే జరుగుతుంది. మిగిలిన వారాల్లో రెండో శనివారం ఎక్కడుందో చూడండి.

ఉదాహరణకు 2027 ఫిబ్రవరిలో రెండో శనివారం 13న వస్తుంది. మీ బడికి ఆ రోజు సెలవైతే 11 గురువారం, 12 శుక్రవారం, 15 సోమవారం మానేస్తే మొత్తం ఐదు రోజులు చేతికొస్తాయి. మూడు లీవులకు ఐదు రోజులు. బాగానే ఉంది కదా? ఇక్కడే కాలు జారేది. హైదరాబాద్ నుంచి రైలెక్కితే ఆగ్రా చేరడానికి ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. గురువారం పొద్దున్న బయల్దేరితే శుక్రవారం తెల్లవారి దిగుతారు. శుక్రవారం తాజ్ మహల్ మూసి ఉంటుంది! పోనీ ఢిల్లీ చివరికి పెట్టుకుందామంటే సోమవారం ఎర్రకోటకు సెలవు. తక్కువ రోజుల టూర్‌లో ఇలాంటి ఒక్క సెలవు తగిలితే బడి మాన్పించిన రోజు వృథా.

కాబట్టి ఇలా సర్దుకోవచ్చు. శుక్రవారం ఆగ్రాలో దిగి, స్నానాలు చేసి, కోట చూడండి. శనివారం సూర్యోదయం వేళకే తాజ్ మహల్ గేటు దగ్గర ఉండండి. 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. మధ్యాహ్నం ఢిల్లీ బయల్దేరితే రాత్రికి చేరతారు. ఆదివారం ఎర్రకోట, ఇండియా గేట్. సోమవారం పొద్దున్న విమానం ఎక్కితే మధ్యాహ్నానికి ఇల్లు. రానూ పోనూ రైలే అంటే ఇంకో రోజు లీవు పెట్టాలి. నన్నడిగితే ఖర్చు కాస్త ఎక్కువైనా వచ్చేటప్పుడు విమానమే నయం. పిల్లలు అలసిపోయి ఉంటారు, మర్నాడు బడి ఉంది.

ఇంకొకరిని అడగాల్సి ఉంది. ఎవరినంటే, పిల్లల్నే. ఫిబ్రవరి అంటే చాలా బళ్లలో యాన్యువల్ డే రిహార్సళ్లు. డ్యాన్సులో ముందు వరుసలో నిలబెట్టిన పిల్లకు తాజ్ మహల్ ఎంత అందంగా కనిపించినా ఏడుపు ఆగదు. ఏడాదంతా ఒక్క రోజూ మానకుండా వంద శాతం హాజరు బహుమతి కోసం ఎదురుచూసే బుడతడు కూడా ఒక్కో క్లాసులో ఉంటాడు. వాడు మన ఇంట్లోనే ఉన్నాడేమో చూసుకోండి.

బడిలో అడగడం, అదీ టికెట్లు కొనకముందు

ముందు క్లాస్ టీచరును కలవండి, తర్వాత హెడ్‌మాస్టరుకో ప్రిన్సిపాలుకో ఉత్తరం. డైరీలో ఒక వాక్యం రాసి పంపితే ఒక రోజు సెలవుకు సరిపోతుంది గానీ మూడు రోజులకు చాలదు. మనిషి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడితే ఆ వారంలో స్లిప్ టెస్ట్ ఉందో, కొత్త పాఠం మొదలుపెడుతున్నారో అక్కడికక్కడే తెలుస్తుంది. ఉత్తరం చిన్నగా, నిజంగా ఉండాలి. ఇలా:

*గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి,*
*మా అబ్బాయి ............ మీ పాఠశాలలో ఐదో తరగతి ‘బి’ సెక్షన్ చదువుతున్నాడు. కుటుంబంతో కలిసి ఆగ్రా, ఢిల్లీ చూడడానికి వెళ్తున్నందున ఫిబ్రవరి 11, 12, 15 తేదీల్లో మూడు రోజులు సెలవు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. 16వ తేదీ మంగళవారం బడికి వస్తాడు. ఈ మూడు రోజుల నోట్సు ఆ శనివారం లోగా పూర్తి చేయిస్తాము.*
*ఇట్లు, ............*

చివరి వాక్యమే ముఖ్యం. టీచరుకు ఉండే చిరాకు పిల్లాడు టూర్‌కు వెళ్లినందుకు కాదు, వచ్చాక వాడి ఒక్కడి కోసం పాఠం మళ్లీ చెప్పాల్సి వస్తుందేమోనని. ఆ భారం మేం చూసుకుంటామని మీరే ముందు చెప్తే సగం అనుమతి వచ్చినట్టే.

జ్వరం అని మాత్రం రాయకండి. ఒకటి, అబద్ధం చెప్పడం మనమే నేర్పినట్టవుతుంది. రెండు, అది దాగదు. జ్వరమని మూడు రోజులు మానేసిన పిల్లాడు తిరుమల గుండుతో క్లాసులోకి వస్తే టీచరు ఏమనుకోవాలి? వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటోలు ఉండనే ఉన్నాయి. ఇవేవీ లేకపోయినా “ఎక్కడికెళ్లావు రా?” అని అడగ్గానే మొదటి బెంచీ నుంచి వాడే మొత్తం కథ చెప్పేస్తాడు.

వద్దంటే? ఎందుకు వద్దన్నారో అడగండి. పరీక్ష ఉందంటే వారం జరపండి. మా రూలే అంతంటే రెండు రోజులకు తగ్గించి అడిగి చూడండి. హాస్టల్ పిల్లలైతే ఔటింగ్ రోజులతో కలిపి పెట్టుకోవడం తప్ప వేరే దారి ఉండదు.

టికెట్లు, కాగితాలు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. 2024 నవంబరుకు ముందు 120 రోజులుండేది. ఫిబ్రవరి 11 ప్రయాణానికి డిసెంబరు 13 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. అంటే బడిలో మాట డిసెంబరు మొదటి వారంలోనే అయిపోవాలి. ఐదేళ్లు నిండని పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండు లోపు వాళ్లకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. రాత్రి ప్రయాణంలో సగం చార్జీ ఆదా చేసి ఎనిమిదేళ్లవాణ్ని పక్కన ఇరికించుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు, బెర్తే తీసుకోండి. పిల్లల ఆధార్ కార్డులు వెంట ఉంచుకోండి.

చదువు

పుస్తకాల సంచి మొత్తం మోసుకెళ్లకండి. తెరవరు. టీచరును “మూడు రోజుల హోంవర్క్ ముందే ఇచ్చేయండి” అని అడగడమూ వద్దు, అది ఆవిడకు అదనపు పని. ఏ పాఠం జరుగుతుందో అడిగి తెలుసుకుంటే చాలు.

నష్టం అన్ని సబ్జెక్టుల్లో ఒకేలా ఉండదు. తెలుగు, సోషల్ పాఠాలు చదివితే వచ్చేస్తాయి. లెక్కలే ప్రమాదం. భిన్నాల కూడిక మొదలుపెట్టిన రోజు లేనివాడికి తర్వాత వారమంతా అయోమయమే. అందుకే బయల్దేరే ముందు ఆదివారం ఆ పాఠంలో మొదటి రెండు ఉదాహరణలు ఇంట్లో చేయించండి. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) ఎందుకు కనుక్కుంటున్నామో అర్థమైతే మిగతాది వచ్చాక అల్లుకుపోతాడు. రైల్లో ఒక నోట్‌బుక్, ఒక పెన్సిలు, రోజుకు అరగంట. ఎక్కాలకు అది కూడా అక్కర్లేదు, కిటికీ పక్కన కూర్చుని అప్పజెప్పించుకోవచ్చు.

టూరే పెద్ద చదువు అంటారు కొందరు. కొంత నిజమే. తెలంగాణ దాటాక స్టేషన్ బోర్డుల మీద భాష, టీ అమ్మేవాడి మాట మారడం పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టేస్తారు. దాన్ని అలా వదిలేయండి. తాజ్ మహల్ ముందు నిలబెట్టి “షాజహాన్ ఎప్పుడు కట్టించాడు, ఎన్నేళ్లు పట్టింది?” అని ప్రశ్నలు వేసి వీడియో తీస్తే టూర్ మీద విరక్తి పుడుతుంది.

తిరిగొచ్చాక

వచ్చిన మర్నాడే బడికి పంపండి. “అలసిపోయాడు, ఇవాళ్టికి ఉండనీ” అన్నారంటే మూడు రోజుల ఉత్తరం నాలుగు రోజులవుతుంది. వచ్చేసారి అడగడానికి ముఖం ఉండదు.

ఇక నోట్సు. క్లాస్ గ్రూపులో ఎవరో అమ్మ ఫొటోలు పంపుతుంది, రాత్రి పదకొండింటికి ఈ అమ్మ కూర్చుని పిల్లాడి దస్తూరీలో రాసేస్తుంది. ప్రతి బడి టీచరుకూ ఆ దస్తూరీ తెలుసు. లెక్కలు, సైన్సు పిల్లలతోనే రాయించండి, రాస్తేనే ఎక్కుతుంది. మిగతావి జిరాక్స్ తీసి అతికించవచ్చా అని టీచరును అడగండి, చాలామంది సరేనంటారు. టెస్ట్ ఏదైనా పోయి ఉంటే మళ్లీ పెట్టమని వారంలోపే అడగాలి, మార్కులు రిజిస్టరులోకి ఎక్కాక ఏమీ చేయలేరు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

మాఘమాసం పెళ్లికి ఇండియా రావాలి, పిల్లలకు అక్కడ బడి. ఈ చిక్కు మన దగ్గర సెలవు ఉత్తరంతో పోయేంత చిన్నది కాదు.

ఇంగ్లండ్‌లో అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప హెడ్‌టీచర్ సెలవు ఇవ్వరు, మామూలు టూర్ ఆ లెక్కలోకి రాదు. అనుమతి లేకుండా ఐదు రోజులు మానేస్తే 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, అది దాటి 28వ రోజు లోపు అయితే 160 జరిమానా పడవచ్చు. అదీ ఒక్కో తల్లిదండ్రికి, ఒక్కో పిల్లకు విడివిడిగా. ఇద్దరు తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు అంటే 80 చొప్పున చూసినా 320 పౌండ్లు. జర్మనీలో ఇంకా గట్టి. బడి మాన్పించి విమానం ఎక్కిస్తున్నారని 2018లో బవేరియా విమానాశ్రయాల్లో పోలీసులు కుటుంబాలను ఆపి అడిగారు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు ఉండాలి, లేకపోతే ఆ క్లాసు పూర్తి చేసినట్టు లెక్క (క్రెడిట్) రావడానికి ఇబ్బంది.

మూడు నాలుగు వారాలు ఇండియాలో ఉండేలా వస్తుంటే, వరుసగా ఎన్ని రోజులు మానేస్తే పేరు తీసేస్తారో మీ స్కూల్ డిస్ట్రిక్టు ఆఫీసులో ముందే కనుక్కోండి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. పేరు తీసేస్తే తిరిగి వెళ్లాక మళ్లీ చేర్పించాలి, అప్పుడు అడ్రస్ ప్రూఫ్, టీకాల రికార్డు మళ్లీ అడగవచ్చు. ఆ ఫైలు ఎక్కడుందో విమానం ఎక్కకముందే చూసి పెట్టుకోండి.