వేసవి సెలవులు మొదలయ్యేలోపే: పిల్లల ఆటలు, ఊళ్లు, నీళ్ల దగ్గర జాగ్రత్తలు

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిచ్చిన దగ్గర్నుంచి జూన్ రెండో వారంలో తెరిచేదాకా మా ఇంట్లో తీరిక ఉండదు. మాది విజయవాడ. బాబుకి పన్నెండేళ్లు, పాపకి తొమ్మిది. బాబుకి పొద్దున్నే ఐదున్నరకి క్రికెట్ కోచింగ్, పాపకి ఏడింటికి స్విమ్మింగ్, సాయంత్రం ఇద్దరికీ షటిల్. మధ్యలో పది రోజులు కోనసీమలో మా అత్తగారి ఊరు, తర్వాత అరకు, వీలైతే పాపికొండలు, ఆపైన మూడు పెళ్లిళ్లు. మీ ఇంట్లోనూ ఇంచుమించు ఇదే వరస అయితే, ఒక సాయంత్రం కూర్చుని ఇది చదవండి. ఇంట్లో పెద్దవాళ్లకీ చదివి వినిపించండి. జాగ్రత్తలు ఒక్కరికి తెలిస్తే సరిపోవని నాకు నిరుడు అర్థమైంది.

నిరుడు మే నెలలో అత్తగారి ఊళ్లో మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వసారాలో పెద్దవాళ్లం తొమ్మిది మందిమి ఉన్నాం. మామిడిపళ్లు కోసుకుంటూ కబుర్లలో పడ్డాం.

"పిల్ల నీ దగ్గర లేదూ అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"మీ దగ్గర పడుకుందనుకున్నానత్తయ్యా" అన్నాను.

మా ఆయనా, ఆడపడుచూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాప పెరటి వెనక చెరువు రేవులో మూడో మెట్టు మీద నిలబడి ఉంది. ఛాతీ దాకా నీళ్లు. కాస్త ఎడంగా తేలుతున్న బంతి కోసం చెయ్యి చాపి ఉంది. నాలుగో మెట్టు నాచు పట్టి జారుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, దానికి తప్ప. మా మరిది పరుగెత్తుకెళ్లి జబ్బ పట్టి పైకి లాగాడు. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిది మందిమి ఉన్నాం కాబట్టే ఎవరమూ చూడలేదు. నేనొక్కదాన్నే ఉండుంటే నా కళ్లు దాని మీదే ఉండేవి.

మర్నాడే ఊళ్లో కొట్లో ఒక ఎర్ర విజిల్ కొన్నాం. అది ఎవరి మెడలో ఉంటే ఆ గంట పిల్లల పూచీ వాళ్లది. ఆ గంటలో ఫోన్ చూడకూడదు, పళ్లు కోయకూడదు, కునుకు తీయకూడదు. గంట కాగానే విజిల్ ఇంకొకరి మెడలో వేసి, పిల్లలు ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించి, "ఇక నీదే" అని నోటితో చెప్పాలి. చెప్పకుండా లేచిపోతే డ్యూటీ ఇంకా మీదే. మీరు విజిల్ బదులు కండువా పెట్టుకుంటారో, బ్యాడ్జీ పెట్టుకుంటారో మీ ఇష్టం. చేతితో పట్టుకుని ఇచ్చే వస్తువు మాత్రం ఒకటి ఉండాలి.

క్యాంపులకీ ఇదే లెక్క. పిల్లల్ని చేర్చే ముందు కోచ్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు. ఆట అయ్యాక మేం వచ్చేలోపు ఆ పావుగంట పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? ఆటోవాడు రాకపోతే ఎవరు ఫోన్ చేస్తారు? ఈ రెండింటికీ ఒక మనిషి పేరు జవాబుగా వస్తే చేర్చండి.

ఎండలో ఆట

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు. పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆటలో ఉన్న పిల్లాడు దాహం వేస్తోందని చెప్పడు. చెబితే కూర్చోబెడతారని భయం.

డిగ్రీలు ఒక్కటే చూసి మోసపోకండి. రామగుండంలో 42 ఉన్నా గాలి పొడిగా ఉంటే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. విజయవాడలోనో కాకినాడలోనో 38 ఉండి ఉక్కపోత పోస్తుంటే, చెమట కారిపోతుందే తప్ప ఆరదు, ఒంట్లో వేడి దిగదు. అందుకని మా ఇంట్లో ఆట పొద్దున్న ఎనిమిదిలోపు అయిపోవాలి, సాయంత్రం ఐదున్నర దాటాకే మొదలవ్వాలి. నాలుగింటి బ్యాచ్ ఫీజు తక్కువని చేర్చకండి. మేం చేర్చి చూశాం. రెండేళ్ల కిందట మా బాబు ఆ బ్యాచ్‌లోనే ఆడేవాడు. ఒకరోజు మా ఆయన తీసుకురావడానికి వెళ్లేసరికి వాడు కుడికాలి ప్యాడ్ ఎడమకాలికి కట్టుకుంటూ కనిపించాడు. "ఏంట్రా?" అంటే సంబంధం లేని జవాబు చెప్పాడు. "కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందండీ" అన్నారు కోచ్. మా ఆయన వినలేదు. పంపు కింద కూర్చోబెట్టి తలమీద నుంచి నీళ్లు పోస్తూనే ఉన్నారు, ఇంకొకాయన అట్టముక్కతో విసిరారు. పది నిమిషాలకు వాడు మామూలుగా మాట్లాడాడు. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాం.

ఆ గుర్తు మర్చిపోకండి. తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం వడలిపోయారనడానికి గుర్తులు. ఆట ఆపి, నీడకు తెచ్చి, నీళ్లు తాగించాలి. మాట తేడాగా వచ్చినా, తూలినా, మనిషి మగతలోకి జారుతున్నా అది వడదెబ్బే అనుకోండి. చర్మం పొడిగానే ఉండాలని లేదు, ఆడుతూ పడిపోయిన పిల్లలకు చెమట పడుతూనే ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా వెంటనే చల్లబరచడం మొదలుపెట్టండి. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోయండి, విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు చుట్టిన తడిగుడ్డ పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర వేయకండి, వడదెబ్బ వేడికి అది పనిచేయదు. జేబులో ఉల్లిపాయ పెట్టి పంపాలని మా అమ్మ అంటుంది. ఆమె మనసు నొప్పించలేక పెడతాను, కానీ దాన్ని నమ్ముకుని నీళ్ల సీసా మాత్రం మర్చిపోను.

కోచింగ్ మొదలైన మొదటి వారం, పది రోజులు సగం ఆటే ఆడించమని అడగండి. ఎండకు ఒళ్లు అలవాటుపడటానికి ఆ మాత్రం టైమ్ కావాలి. బయల్దేరే ముందు ఒక గ్లాసుడు, ఆటలో ప్రతి పావుగంటకీ నాలుగు గుక్కలు తాగాలి. ఇంటికొచ్చాక మూత్రం ఏ రంగులో ఉందో అడగండి. ముదురు పసుపు అంటే తాగింది చాల్లేదు. మామూలు రోజుల్లో నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరి బోండాం చాలు. పొద్దున్నే చద్దన్నం పెరుగుతో తినిపించి పంపితే మా పిల్లలు పదింటిదాకా నీరసపడరు.

ఓఆర్ఎస్ విషయంలో రెండు మాటలు. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుకి కాస్త చొప్పున వేయడం తప్పు. కలిపింది ఒక రోజు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. రెండోది, ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్మేవారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేనివాటికి ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి.

నీళ్ల దగ్గర

నాకు ఎక్కువ భయం ఇక్కడే. మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారని, చేతులు ఊపుతారని మనం అనుకుంటాం. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇక అరిచేదెక్కడ! తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చప్పుడు లేకుండా దిగిపోతారు. పక్కనే ఉన్నవాళ్లకి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. అందుకని ఈత రాని పిల్లలు నీళ్లలో ఉంటే విజిల్ ఉన్న మనిషి గట్టు మీద కాదు, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. నెల రోజుల స్విమ్మింగ్ క్లాసు కొలనుకి పనికొస్తుంది, ఏటికి పనికిరాదు. ఆ ముక్క పిల్లలకే చెప్పండి.

మా డెల్టా ఊళ్లలో వేసవిలో కాల్వలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. అడుగు కనిపిస్తుంటే పిల్లలు దిగిపోతారు. కానీ మట్టి తవ్వుకున్న చోట గోతులుంటాయి, వాటిలో నీళ్లు నిలిచి ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఒక్క అడుగుకి తల మునిగేంత లోతుకి పోతాడు. తెలంగాణ వైపు వ్యవసాయ బావులు, క్వారీ గుంతలు, చెరువుల్లో పూడిక తీసిన చోట్లు కూడా అంతే. ఊరెళ్లగానే మొదటి పని, ఆ ఊరివాళ్లని వెంటపెట్టుకుని పిల్లలతో కలిసి చుట్టూ తిరిగి "ఇదిగో ఇక్కడికి రాకూడదు" అని చూపించడం. మధ్యాహ్నం పెద్దలు కునుకు తీసే గంట అన్నిటికంటే చెడ్డది.

సముద్రం సంగతి వేరు. సూర్యలంకలోనైనా ఆర్కే బీచ్‌లోనైనా అలలు విరగకుండా నిమ్మళంగా కనిపించే పాయ ఉంటే, అదే మనిషిని లోపలికి లాక్కుపోయేది. ఎర్ర జెండా ఉన్నచోట పాదాలు తడుపుకోవడానికి కూడా దిగకండి. లాక్కుపోతుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. డ్యామ్ కింద నదుల్లో రాళ్ల మీదికి వెళ్లనివ్వకండి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది దగ్గర ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. పాపికొండలు వెళ్లేవాళ్లకి 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిన బోటు గుర్తుండే ఉంటుంది. బోటు ఎక్కకముందే పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందా అని అడగండి, లేకపోతే వెనక్కి వచ్చేయండి. ఉక్కపోసినా, భోజనం పెడుతున్నా, దిగేదాకా జాకెట్ విప్పకూడదు.

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకండి. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి వేసవిలోనూ చదువుతున్నాం. చీర, తువ్వాలు, వెదురు గెడ, ఏది దొరికితే అది అందించండి, ఖాళీ నీళ్ల క్యాన్ విసరండి. బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. ఊపిరి లేకపోతే నోట్లో నోరు పెట్టి ఊదడం, ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108 వచ్చేదాకా ఆపకూడదు. ఇది చదివితే వచ్చే విద్య కాదు, ఇంట్లో ఒక్కరైనా నేర్చుకోండి. మా ఆడపడుచు నేర్చుకుంది. పిల్లాడు తేరుకుని లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

మిగతావి

తలకి బంతి తగిలితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, వాడెంత బతిమాలినా. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు ఉంటే వెంటనే ఆసుపత్రి. శాశ్వత దంతం ఊడిపడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీయండి. మట్టి అంటితే నీళ్లతో ఒక్కసారి కడిగి, గ్లాసుడు పాలలో వేసి, అరగంటలో డెంటిస్ట్ దగ్గరుండాలి. తిరిగి అతికే అవకాశం ఉంటుంది. పాలపన్నైతే వదిలేయండి. వారానికి ఒక రోజు ఏ క్లాసూ వద్దు, ఆ రోజు వాళ్లిష్టం.

కారు ఆపగానే తాళం వేయండి, తాళంచెవి పిల్లలకి అందకూడదు. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆగి ఉన్న కారులో ఆడుకుంటూ డోర్లు మూసుకుపోయి నలుగురు పిల్లలు చనిపోయారు. పిల్లలు కనిపించకపోతే ముందు నీళ్ల దగ్గర చూడండి, ఆ వెంటనే కార్లలో.

మేలో సాయంత్రాలు గాలిదుమారంతో పిడుగులు పడతాయి. మెరుపు కనిపించాక ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే మైదానం ఖాళీ చేయించండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి దిగనివ్వకండి. చెట్టు కింద నిలబడకూడదు, మూసిన కారులో కూర్చోవచ్చు. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి.

ఊళ్లో ఆరుబయట పడుకుంటే నేల మీద పక్క వేయకండి. మంచం వేసి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా పుట్టదు. అనుమానం వచ్చినా కట్టు బిగించకుండా, కోయకుండా, మంత్రం దగ్గర ఆగకుండా, కాలో చెయ్యో కదలనీయక విరుగుడు ఇంజక్షన్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ ఊరికి అది ఎక్కడుందో వెళ్లకముందే అడిగి పెట్టుకోండి.

ఈసారి ఊరికి రెండు విజిళ్లు తీసుకెళ్తున్నాం. ఒకటి రేవు వైపుకి, ఒకటి ఇంట్లోకి. రెండోది అత్తయ్యే ఫోన్ చేసి అడిగి కొనిపించుకున్నారు.